వేసవి మేత - జొన్న పాతర



వానలు తప్పిన యేట మనుష్యులకు గింజ దూరదేశమునుండియైనను రాగలదు. పశువునకు మేత యట్లు రాదు. గడ్డి తేలిక, దాని మోపు పెద్దది. బండికూలియే వెలను మించును. 1876-78 నాటి ధాత కరవున రాయలసీమలో మనుష్యులతోబాటు పశువులును మందలుగా నశించినవి. కావున మెట్టరైతు తన పశువుల మేతను తన చేనియొద్దనే దాచుకొనవలెను. ఆ విధానమును గూర్చి యీ నెల విన్నవించుచున్నాము.

జొన్న, సజ్జ, అలసంద, ఉలవ కొద్ది తేమతోనే పెరుగును. జొన్న బెట్ట తగిలినపుడు పెరుగుట నిలిపి, వాన పడగానే మరల చిగుర్చును. కాని కంకి పండినపిమ్మట మిగిలిన యెండుచొప్పను మాత్రమే మేపుట మన వాడుక. ఇందు నష్టము కలదు. పూతదశలో కోసిన జొన్నను ఆరబెట్టి చూచిన, నూటికి సుమారు 7, 8 పాళ్లు మాంసకృత్తులుండును. గింజ తీసిన చొప్పలో 3, 4 పాళ్లే. వరిగడ్డియు నంతియే. అలసందమేతలో 15 పాళ్లు మించును. పాలకును, దూడ పెరుగుదలకును, ఎద్దు కండకును మాంసకృత్తులే యాధారము. చేనంతయు పచ్చిగా కోయుడని మేము చెప్పుట లేదు. మేతకై కొంత భాగమును ప్రత్యేకింపుడని మాత్రమే కోరుచున్నాము.

ఇచట నొక హెచ్చరిక. లేతజొన్నయందును, బెట్టకు గిడసబారిన జొన్నయందును, కోసిన మోళ్లనుండి లేచిన పిలకలయందును విషము కలదు. దీనినే మనవారు నాము అందురు. దీనికి మూలమైన ధుర్రిన్ అను పదార్థమును డన్‌స్టన్, హెన్రీ యను శాస్త్రజ్ఞులు 1902లో వెల్లడించిరి. అది కడుపులో హైడ్రోసయనిక్ ఆమ్లమును పుట్టించి, కొలది నిమిషములలోనే పశువును చంపగలదు. కావున పూతకు ముందు జొన్నను మేపరాదు. అనుమానము కలిగిన తక్షణమే పశువైద్యుని పిలువుడు. రక్తనాళములోనికి ఎక్కించు మందు కలదు గాని, ఆలస్యమైన ఫలింపదు. సజ్జయందు ఈ విషము లేదు.

ఇక పాతర. గింజ పాలు పోసుకొను దశలో జొన్నను కోసి, ఒకపూట వాడనిచ్చి, అంగుళము ముక్కలుగా నరుకవలెను. పిడికిట బిగించిన నీరు కారరాదు. మెరకనేలలో గొయ్యి త్రవ్వి, పొరపొరగా వేసి, గాలి నిలువకుండ గట్టిగా త్రొక్కవలెను. పైని పాలిథీన్ పట్టా పరచి, మట్టి కప్పవలెను. గాలి లేని చోట సూక్ష్మజీవులు మేతలోని తీపిని పులుపుగా మార్చును. పాలు పెరుగగుటయు నిట్టిదే. ఆ పులుపే మేతను కుళ్లనీయదు. 45 దినములకు తెరవవచ్చును. బూజు పట్టిన భాగమును పారవేయుడు. పాతరలో విషము కొంత తగ్గుననియెంచి నాముజొన్నను అందు వేయకుడు.

రెండు పశువులకు దినమునకు తలకు 15 కిలోల చొప్పున 90 దినములకు 2,700 కిలోలు కావలెను. బాగుగా త్రొక్కిన, ఘనపు మీటరుకు 500 కిలోలు పట్టును. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు గల గొయ్యి చాలును.

చొప్ప నరుకు యంత్రము ఒక్కనికి భారము. నలుగురైదుగురు సభ్యులు కలిసిన తేలిక. గొయ్యి త్రవ్వుటకు వేసవి రానక్కరలేదు. చేను పూతకు వచ్చిన నాడే గడ్డపార చేతబట్టవలెను.