మొదటి కెమెరా

హైదరాబాదు నగరమున నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ అనునవి ఒకదాని నొకటి ఆనుకొని యున్న పేటలు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము కలదు. ఆ పేటయందే త్యాగరాయ గానసభ కలదు. అశోక్‌నగర్ వీథులలో పోటీ పరీక్షలకు శిక్షణ నిచ్చు సంస్థలు పెక్కు. జిల్లాలనుండి వచ్చి, గదులు అద్దెకు తీసికొని చదువుకొను యువతీయువకులు అచ్చట వేలకొలది కలరు. అచ్చటినుండి ఆర్.టి.సి. చౌరస్తాకు పోయినచో సినిమాశాలలు వరుసగా కనబడును. వానిలో నొకదాని పేరు సుదర్శన్ 35 ఎం.ఎం.; వేరొకదాని పేరు సంధ్య 70 ఎం.ఎం. ఆ పేర్లను నిత్యము చదువుచు పోవువా రెందరో కలరు. ఆ అంకెల కర్థమేమని యోచించువారు మాత్రము కొలదిమందియే. వానిలో 35 అను అంకెకు కెమెరా కథలో గొప్ప స్థానము కలదు.

ఈ పేటలలో నివసించు ఒక విద్యార్థిని గూర్చి యోచింతము. అతడు సాయంకాలములందు చిన్నపిల్లలకు పాఠములు చెప్పి, ఏడాదిపాటు కొంత సొమ్ము కూడబెట్టెను. అతనికి బొమ్మలు తీయుట యన్న మిక్కిలి మక్కువ. చేతిలోని ఫోనుతో ఉదయమున నారాయణగూడలో కూరగాయల బండ్లను, మధ్యాహ్నమున గ్రంథాలయము ముంగిట చెట్టునీడను తీసెను. అవి చక్కగనే వచ్చినవి. ఒకనాటి సాయంకాలము నిర్వాహకుల యనుమతితో గానసభలో నృత్య ప్రదర్శనమును తీసెను. నర్తకి ముఖము మసక బారినది. చేతులు పొగవలె అలికినట్లు పడినవి. మంచి కెమెరా కొనవలెనను కోరిక అతనికి ఆనాడు దృఢమయ్యెను.

అతడు మిత్రుల నడిగెను. మెగాపిక్సెళ్ళు ఎక్కువగా నున్నదే మేలని ఒకడు చెప్పెను. ఈ యేట వచ్చిన క్రొత్త రకమే కొనుమని మరియొకడు చెప్పెను. రెండు కటకములు, సంచి, మూడుకాళ్ళ పీట కలిపి యిచ్చు మూటయే లాభమని వేరొకడు చెప్పెను. ఉన్న సొమ్ము ఒక్కమారు కొనుటకే చాలును. ఎంపిక తప్పినచో ఏడాది కష్టము బీరువాలో మూలపడును. కావున కొనుటకు ముందు కెమెరా యనగా నేమో తెలిసికొనుట యావశ్యకము.

కెమెరా యనగా నొక చీకటి పెట్టె. దానికి ముందు కటకము, వెనుక వెలుతురును పట్టుకొను పలక, నడుమ తెరచుకొని మూసికొను షట్టరు ఉండును. కటకములో రంధ్రమొకటి కలదు. అది మన కంటిపాపవలె పెద్దదిగను చిన్నదిగను కాగలదు. రంధ్రము ఎంత పెద్దదియో, షట్టరు ఎంతసేపు తెరచి యుండునో, పలక వెలుతురును ఎంత చురుకుగా గ్రహించునో, ఈ మూడింటి పొందికయే ఛాయాచిత్రము. ఒకప్పుడు వెలుతురును పట్టు పలక గాజుది. తరువాత ఫిల్ము వచ్చినది. నేడా స్థానమున సెన్సరు అను విద్యుత్ పరికర మున్నది.

గాజు పలకల కాలమున ఈ విద్య యెంత వ్యయప్రయాసములతో కూడినదో రాజా దీనదయాళ్ జీవితమువలన తెలియును. ఆయన 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో చిత్రలేఖకుడుగా ఉద్యోగము చేసెను. 1874 ప్రాంతమున తీరిక వేళలందు ఛాయాగ్రహణము నభ్యసించుట మొదలిడెను. చేయి తిరిగిన పిదపనే ఉద్యోగమును విడిచి దానిని వృత్తిగా చేపట్టెను. తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదులో చిత్రశాలను నెలకొల్పెను. 1905లో మరణించెను. ఆయన గాజు పలకలలో 2857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క పలక, బరువైన పెట్టె, దానిని నిలుపుటకు మూడుకాళ్ళ పీట. అట్టి సాధనములతో పొరబాటున తీసిన ప్రతి బొమ్మయు నష్టమే. అందువలన మీట నొక్కుటకు ముందు ఆలోచించుట ఆనాటివారికి అలవాటయ్యెను.

ఆ బరువును తగ్గించినవారిలో ముఖ్యుడు ఆస్కార్ బర్నాక్. ఆయన జర్మనీలో లైట్జ్ కర్మాగారమున పనివాడు. ఉబ్బస వ్యాధి గల యాయనకు పెద్ద కెమెరాను మోసికొని కొండలెక్కుట కష్టముగా నుండెను. ఆ కాలమున సినిమాలకు 35 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్మును వాడుచుండిరి. సుదర్శన్ పేరులోని 35 ఆ వెడల్పే. సంధ్య పేరులోని 70 దానికి రెట్టింపు వెడల్పు గల ఫిల్మును తెలుపును. నేడు సినిమాశాలలు డిజిటల్ పద్ధతికి మారినను పేర్లు మాత్రము నిలిచినవి. సినిమా ఫిల్ముపై ఒక్కొక్క బొమ్మ 18 మిల్లీమీటర్ల ఎత్తు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉండెడిది. బర్నాక్ ఆ ఫిల్మును అడ్డముగా త్రిప్పి, బొమ్మను రెట్టింపు చేసి, 24 కి 36 మిల్లీమీటర్ల కొలత నేర్పరచెను. ఆ కెమెరా లైకా అను పేర 1925లో విక్రయమునకు వచ్చెను. నేటి కెమెరాలలో 'ఫుల్ ఫ్రేమ్' అని చెప్పబడు సెన్సరు కొలత యిదియే. తన కష్టమేమో తనకు స్పష్టముగా తెలియుటచేతనే ఆయన దానికి తగిన సాధనమును కనుగొనగలిగెను. కెమెరా కొనువాడు నేర్వదగిన మొదటి పాఠ మిందున్నది. తన లోటేదియో ముందుగా తెలిసికొనవలెను.

ఇప్పుడు మిత్రుల సలహాలను పరీక్షింతము. మొదటిది మెగాపిక్సెళ్ళ మాట. ఒక మెగాపిక్సెల్ అనగా పది లక్షల చుక్కలు. 8 అంగుళముల ఎత్తు, 12 అంగుళముల వెడల్పు గల చిత్రమును కాగితముపై అచ్చు వేయవలె ననుకొందము. అంగుళమునకు 300 చుక్కలున్నచో అచ్చు మిక్కిలి స్పష్టముగా వచ్చును. ఆ లెక్కను 2400 ని 3600 తో హెచ్చింపగా 86 లక్షల 40 వేల చుక్కలు తేలును. అనగా తొమ్మిది మెగాపిక్సెళ్ళయినను లేవు. పది పండ్రెండేండ్ల నాటి సామాన్యమైన కెమెరాలోను ఇంతకంటె ఎక్కువ యుండును. కావున ఈ అంకెకొరకు సొమ్ము ధారపోయుట అనవసరము.

రెండవది క్రొత్త రకపు మాట. వెనుక అద్దము గల డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు ప్రసిద్ధి చెంది యుండెను. 2008నుండి అద్దము లేని కెమెరాలు బజారులోనికి వచ్చి, క్రమముగా వాని స్థానము నాక్రమించినవి. పలువురు క్రొత్తవానికి మారి పాతవానిని అమ్ముచున్నారు. అందువలన మంచి పనివాడితనము గల పాత కెమెరాలు తక్కువ ధరకు లభించును. నిన్న మంచి బొమ్మలు తీసిన కెమెరా నేడు క్రొత్తది వచ్చినంతమాత్రమున చెడ్డది కాదు. సామాన్యపు డి.ఎస్.ఎల్.ఆర్. లోని సెన్సరు వైశాల్యము ఫుల్ ఫ్రేములో సగముకంటె తక్కువయే యైనను, ఫోనులోని చిన్న సెన్సరుకంటె ఎన్నో రెట్లు పెద్దది.

మూడవదియు ముఖ్యమైనదియు కటకముల మాట. కెమెరాతోపాటు సాధారణముగా 18 నుండి 55 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకము నిత్తురు. 55 వద్ద దాని రంధ్రపు కొలత ఎఫ్ 5.6. వేరుగా దొరకు 50 మిల్లీమీటర్ల కటకపు కొలత ఎఫ్ 1.8. ఈ అంకె తగ్గినకొలది రంధ్రము పెద్దదని గ్రహింపవలెను. 5.6 ను 1.8 చే భాగింపగా 3.1 వచ్చును. వైశాల్యము కావలసియున్నది కావున దానిని వర్గము చేసినచో దాదాపు పది వచ్చును. అనగా రెండవ కటకము పదిరెట్ల వెలుతురును లోనికి రానిచ్చును.

దీని ఫలితము గానసభలో చూడవచ్చును. ఆ దీపముల వెలుతురునకు మొదటి కటకముతో షట్టరు సెకనులో పదునైదవ వంతు తెరచి యుండవలె ననుకొందము. ఆ వ్యవధిలో నర్తకి చేయి జానెడు దూరము కదలును, బొమ్మ అలుకును. రెండవ కటకముతో సెకనులో నూటయేబదవ వంతు చాలును. చేతి ముద్ర స్పష్టముగా నిలుచును. విద్యార్థి లోటును తీర్చునది ఈ చిన్న కటకమే. పెక్కు సంస్థల కటకములలో మిక్కిలి చౌక యైనవానిలో ఇది యొకటి. ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు ఆన్రీ కార్టియే-బ్రెసోన్ తన చిత్రములలో పెక్కింటిని 50 మిల్లీమీటర్ల కటకముతోనే తీసెను.

ఐనను ఏ కటకమును అన్నిటికిని పనికిరాదు. చిన్న సెన్సరు గల కెమెరాపై 50 మిల్లీమీటర్ల కటకము కొంత ఇరుకుగా చూపును. రంగస్థలమునకును ముఖచిత్రములకును అది తగును. ఇరుకైన గదులకును గల్లీలకును 35 మిల్లీమీటర్లది మేలు. ఇందిరా పార్కులో చెట్టుకొమ్మపై పక్షులను తీయగోరువానికి పొడవైన కటకము కావలెను. అది వెల హెచ్చు. మరియొక జాగ్రత్త కలదు. చౌక కెమెరాలు కొన్నింటిలో కటకమును త్రిప్పు మోటారు ఉండదు. కటకములోనే మోటారున్నదో లేదో కనుగొనక కొన్నచో, ప్రతిమారు చేతితో త్రిప్పవలసివచ్చును.

కావున సొమ్మునంతయు కెమెరా పెట్టెకే వెచ్చింపరాదు. పెట్టె నాలుగైదేండ్లకు పాతబడును. మంచి కటకము పెట్టె మారినను వెంట వచ్చును. ఉన్న సొమ్మును పదిపాళ్ళు చేసి, ఆరుపాళ్ళతో వాడిన కెమెరాను, మూడుపాళ్ళతో మంచి కటకమును కొని, ఒకపాలు జ్ఞాపకపు కార్డునకును, రెండవ బ్యాటరీకిని ఉంచుకొనుట తెలివైన పద్ధతి.

కోఠి, ఆబిడ్సు ప్రాంతముల దుకాణములందైనను, వ్యక్తులవద్ద నైనను వాడిన కెమెరాను కొనునపుడు పగటివేళనే చూడవలెను. కటకమును వెలుతురున కెత్తి లోన చూడవలెను. సాలెగూటి పోగులవంటి చారలున్నచో అది బూజు. దానిని విడుచుటే మేలు. రంధ్రమును ఎఫ్ 16 వద్ద నుంచి ఆకాశమును తీసి, బొమ్మను పెద్దది చేసి చూచినచో సెన్సరుపై దుమ్ము నల్లని మచ్చలుగా కనబడును. మూతపెట్టి కొన్ని సెకనులు తీసినచో చెడిన చుక్కలు రంగు నలుసులై మెరయును. షట్టరు ఎన్నిమారులు కొట్టుకొన్నదో తెలిసికొనవలెను. సామాన్యపు కెమెరాల షట్టరు లక్షమారుల వరకు పనిచేయునట్లు నిర్మింపబడును. ముప్పదివేలు నడచినదానికిని తొంబదివేలు నడచినదానికిని ఒకే వెల యీయరాదు. బ్యాటరీ ఉబ్బియుండరాదు. కొనుగోలు రసీదుపై నున్న సంఖ్యయు, కెమెరాపై నున్న సంఖ్యయు ఒక్కటి కావలెను. రసీదు లేని వస్తువు దొంగసొత్తు కావచ్చును. తొందరపెట్టు అమ్మకపువానికి నమస్కరించి వెడలిపోవుటలో సిగ్గు లేదు.

కొన్న పిదప కాపాడుట మరియొక పని. వానకాలమున తోలుసంచిలో నెలల తరబడి మూసియుంచినచో తేమ చేరి బూజు పట్టును. మూత బిగువుగా నుండు డబ్బాలో, తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములతో నుంచుట చాలును. వారమున కొకమారైనను బయటకు తీసి వాడుట అంతకంటె మంచి మందు.

ఇక సొమ్ము ఇంకను చాలనివాడు చింతింప నక్కరలేదు. ఫిల్ము కాలమున ముప్పదియారు బొమ్మల చుట్ట ముగిసినంతనే మరల సొమ్ము కావలసివచ్చెడిది. నేడు అభ్యాసమునకు వెల లేదు. ఒకే వీథిని ఉదయమున, మధ్యాహ్నమున, దీపములు వెలిగిన పిదప ఫోనుతోనే తీసి చూడవచ్చును. ఏ బొమ్మ బాగున్నదో, ఏది చెడినదో, ఎందువలన చెడినదో ఒక పుస్తకమున వ్రాసికొనవచ్చును. మూడునెలల పిదప ఆ పుస్తకమే ఏ కెమెరా కావలెనో చెప్పును. ఒకనికి వెలుతురు చాలలేదని, ఒకనికి దూరము చాలలేదని తేలవచ్చును. ఇంకొకనికి కెమెరాలో లోటు లేదనియు, తాను వెలుతురువంక సరిగా చూడలేదనియు తేలవచ్చును. అతనికి కొనవలసినది ఏమియు లేదు. నేర్వవలసినది మాత్రమే కలదు.

మన విద్యార్థి మాట యేమి? అతని లోటు మసక వెలుతురులో కదలు చేతులు. అందులకు ఒక వాడిన పెట్టెయు, ఒక చిన్న కటకమును చాలును. గానసభలో తరువాతి ప్రదర్శనము నాటికి అతనివద్ద పెద్ద సంచి యుండదు. క్రొత్త రకపు కెమెరా యుండదు. కాని నర్తకి చేతివ్రేళ్ళు అతని చిత్రమున స్పష్టముగా కనబడును.