పుట్టిల్లు యాభై కిలోమీటర్లే!

"మీ పుట్టిల్లు ఎంత దూరమండీ?" అని అడిగితే మనలో ఎవరమూ కిలోమీటర్లలో చెప్పం. "రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అమ్మ దగ్గరుంటా" అంటాం. ఆడవాళ్లకి దూరమంటే ప్రయాణానికి పట్టే టైమే. ఆ లెక్కన అమృత్‌సర్‌కీ లాహోర్‌కీ మధ్య దూరమెంతో చెప్పడం ఎవరి తరమూ కాదు.

రోడ్డు మీద కొలిస్తే సుమారు 50 కిలోమీటర్లు. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లినంత కూడా లేదు. 1862లోనే ఈ రెండు ఊళ్ల మధ్యా రైలు పడింది. పొద్దున వెళ్లి పని చూసుకుని, దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చేసే దూరం. 1947లో మధ్యన గీత పడింది. లాహోర్‌లో పెరిగిన పంజాబీ రచయిత్రి అమృతా ప్రీతమ్ లాంటివాళ్లెందరో ఇటు వచ్చేశారు. అయినా చుట్టరికాలు తెగలేదు. ఇటు పిల్లని అటు, అటు పిల్లని ఇటు ఇచ్చుకున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ ఆడపిల్ల విమానమెక్కి వద్దామంటే? ఢిల్లీకీ లాహోర్‌కీ ఆకాశమార్గాన సుమారు 420 కిలోమీటర్లు. హైదరాబాదు-ఢిల్లీ దూరంలో మూడో వంతు. "గంటకి 800 కిలోమీటర్లు పోయే విమానానికి అరగంట చాలదా అమ్మా?" అని మా అమ్మాయి అట్లాసు ముందేసుకుని అడిగింది. చాలదు. పైకెక్కడానికీ, మళ్లీ కిందికి దిగడానికే ఎక్కువసేపు పడుతుంది. పూర్తి వేగంతో వెళ్లేది మధ్యలో కాసేపే. అందుకే నేరుగా విమానాలు నడిచిన రోజుల్లో గంట, గంటంబావు పట్టేది. మనం పప్పు, కూర, చారు చేసి వంట ముగించేంతలో లాహోర్!

నేరుగా దారి లేనప్పుడు దుబాయ్ మీదుగా తిరిగి వెళ్లాలి. ఢిల్లీ-దుబాయ్ దాదాపు 2,200 కిలోమీటర్లు, దుబాయ్-లాహోర్ దాదాపు 2,000. అంటే పదింతల దూరం! గాల్లోనే ఆరేడు గంటలు. విమానం మారడానికి కాచుకుని కూర్చునే గంటలు వేరే. టిక్కెట్టు ఖర్చు సరేసరి.

1976లో సంఝౌతా ఎక్స్‌ప్రెస్, 1999లో ఢిల్లీ-లాహోర్ బస్సు వచ్చాయి. రెండూ 2019 ఆగస్టులో ఆగిపోయాయి. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో టెర్రరిస్టులు 26 మందిని పొట్టన పెట్టుకున్నాక అటారీ గేటు మూతపడింది. ఒక దేశం విమానాలు ఇంకో దేశం మీదుగా ఎగరకుండా ఆకాశాన్నీ మూసేశారు. వీసాలు రద్దయిన ఆ రోజుల్లో పేపర్లో చదివిన వార్త ఒకటి నన్ను వదల్లేదు. తల్లిది ఇండియా పాస్‌పోర్టు, పిల్లలది పాకిస్తాన్ పాస్‌పోర్టు. పిల్లల్ని వెళ్లమన్నారు, తల్లిని ఆగమన్నారు!

దేశ రక్షణ ముఖ్యం కాదని నేననను. కళ్లెదుటే భర్తల్ని పోగొట్టుకున్న ఆ ఆడవాళ్ల కన్నీళ్లు మనమంతా చూశాం. జాగ్రత్త ఉండాల్సిందే. కానీ అంత పెద్ద గేటు వేసేటప్పుడు చంటిబిడ్డ తల్లికీ, మంచాన పడ్డ అమ్మని కడసారి చూడాలనుకునే కూతురికీ ఒక చిన్న తలుపు వదిలిపెట్టలేరా? 2019 నవంబరులో కర్తార్‌పూర్ గురుద్వారాకి వీసా లేకుండా వెళ్లే దారి తెరిచింది ఈ రెండు దేశాలే కదా! దేవుడి దర్శనానికి వీలైనది అమ్మ దర్శనానికి ఎందుకు వీలుకాదు? మీరేమంటారు?