పాత డైవ్ వాచీ... మెరుపు చూసి కొనొద్దు!

మొదటి జీతంతో 1970ల నాటి డైవ్ వాచీ కొనాలనుకుంటున్నారా? ఫొటోలో కొత్తదానిలా తళతళలాడుతుంటే ఒక్క నిమిషం ఆగండి. చీకటి నీళ్లలోనూ టైమ్ కనిపించాలి కదా! అందుకే 1953లో వచ్చిన బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్ దగ్గర్నుంచీ వీటి డయల్‌పై వెలుగిచ్చే పూత ఉంటోంది. మొదట్లో రేడియం, 1960ల నుంచి ట్రిషియం. డయల్ అడుగున 'టి స్విస్ టి' అని ఉంటే ట్రిషియం అన్నమాట. ఫిజిక్స్‌లో చదివిన అర్ధాయువు గుర్తుందా? దీనికది సుమారు 12.3 ఏళ్లు. అంటే 50 ఏళ్లలో నాలుగుసార్లు సగమై, మిగిలేది 6 శాతమే. అలాంటి డయల్ రాత్రంతా ధగధగా వెలిగిందంటే? పూత కొత్తగా వేసి ఉండాలి, లేదా డయలే మార్చి ఉండాలి. ముళ్లది ఒక రంగు, డయల్ చుక్కలది మరో రంగు అయినా అనుమానించాల్సిందే.

తర్వాత కేసు అంచులు. పాలిష్ చేసేకొద్దీ అరిగిపోతాయి, పోయిన లోహం తిరిగి రాదు. నన్నడిగితే గీతలున్నదే నయం. '200 మీటర్లు' అని రాసుంది కదా అని స్విమ్మింగ్ పూల్‌లో దూకేయకండి బాబూ! లోపలి రబ్బరు రింగులు ఎప్పుడో గట్టిపడిపోయి ఉంటాయి. ప్రెషర్ టెస్ట్ చేయించాకే నీళ్లలోకి. డబ్బు కట్టేముందు వెనక మూత తీసి మిషన్ ఫొటో పంపమనండి. సాకులు చెబితే ఆ బేరం వదిలేయండి.