ఏటికి ఎదురీదితే

మునగపాక చెరకు పొలాల వైపు శారదా నది పారుతుంది. వరదొస్తే ‘ఏరు పొంగింది’ అంటాం, అడుగు పెడితే ‘ఏటిలో దిగాం’ అంటాం. ఊరి సంగతి అలా కాదు: ఊరు, ఊరిలో. చివర రెంటికీ ‘రు’ ఉన్నా ఒకదానికే ‘టి’ వచ్చింది. వరాహ నది ఒడ్డున లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక పేరులో ఉన్నదీ ఈ ‘ఏటి’యే. (మన వైపు ‘ఏటి?’ అంటే ‘ఏమిటి?’ అని కూడా. దానికీ దీనికీ చుట్టరికం లేదు.)

వ్యాకర్త చిన్నయసూరి ఈ ‘టి’ని ఔపవిభక్తికం అన్నారు, అది ఎక్కడ వస్తుందో చెప్పారు. ఎందుకొస్తుందో తేలాలంటే పాత రాత చూడాలి. అప్పట్లో అది ఏఱు, బండి ఱ. నూఱు–నూట కూడా ఆ బాపతే. ఊరుది మామూలు ర.

సంగం కాలపు తమిళంలో నది ‘యాఱు’, తర్వాత ‘ఆఱు’. విభక్తి చేరితే ఱ రెట్టిస్తుంది: ఆఱ్ఱిల్. ‘ఊర్’ మాత్రం రెట్టించకుండా ‘ఊరిల్’ అవుతుంది. ఆ జంట ఱను మలయాళీలు నాలుక కొసను పైచిగురుకు ఆనించి, ‘త’కూ ‘ట’కూ నడుమ పలుకుతారు. తిరువనంతపురంలోని ఆట్టుకాల్ గుడి పేరులో వినపడేది అదే.

భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషావేత్తల లెక్క ప్రకారం మూల ద్రావిడంలో ఈ ఱ ఒక స్పర్శధ్వని. అచ్చుల నడుమ ఒంటరిగా ఉన్నచోట సడలి ఱ అయింది. జంటగా ఉన్నచోట గట్టిగా నిలబడి, తెలుగులో ‘ట’కారంగా మారింది. ఇక మొదటి అక్షరం: తమిళుల ‘యానై’ మనకు ఏనుగు, ‘యాండు’ మనకు ఏడాదిలోని ఏడు. ఆ వరసలోనే యాఱు ఏఱయింది. అందుకే మూలరూపాన్ని *యాఱు అని కట్టారు. ముందున్న చుక్క (*), మూలభాషలోని ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదని, పోల్చి ఊహించినదని చెప్పే గుర్తు. ద్రావిడ కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్ళని 2018లో ఒక అధ్యయనం అంచనా కట్టింది.

రష్యన్ తదితర భాషలకు తల్లి అయిన మూల స్లావిక్‌లోనూ ఇలాంటి జంటరూపాలున్నాయి. రాయికి ప్రథమలో *కమి, షష్ఠిలో *కమెనె. రష్యన్లు ఈ రెండు రూపాల బాధ పడలేక ప్రథమను కూడా ‘కామెన్’ చేసేసుకున్నారు. మన దగ్గర గాలి ఎదురు దిక్కు నుంచి వీస్తోంది. ‘ఏరులో’, ‘నోరులో’ అనేవాళ్ళు తయారయ్యారు, ప్రథమే గెలిచేలా ఉంది. తప్పని కసురుకోవడం దండగ. ‘నూరు పది’ అని మాత్రం ఇంకా ఎవరూ లెక్కపెట్టడం లేదు.