తిథి తెలియని చిన్నబ్బ

పెద్దల అమావాస్యనాడు మా ఇంట్లో ఒక విస్తరి అదనంగా పడేది. అది మా అబ్బ తమ్ముడిది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు వెళ్లి, 1944లో తప్పిపోయాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు.

మాది కడప జిల్లాలో కె.సి. కాలువ నీరందని పల్లె. వానలు మొండికేసిన ఏడు చిన్నబ్బ బెంగుళూరు వెళ్లి మద్రాసు శాపర్ల దళంలో చేరాడట. బాటలు వేయడం, వంతెనలు కట్టడం ఆ దళం పని. ఏరెరుగని ఊరివాడికి వంతెనల కొలువు! కొన్నాళ్లకు తంతి వచ్చింది, ఆచూకీ లేదని. చనిపోయాడనలేదు కదా అని ఆయన తల్లి బతికున్నన్నాళ్లూ ఆ విస్తరి వేయనివ్వలేదు. ఆమె పోయాక పురోహితుణ్ణి అడిగారు. ఆయుధంతో పోయినవారికి చతుర్దశి, తిథి తెలియనివారికి అమావాస్య అన్నాడాయన. నాయన అమావాస్యే పట్టుకున్నారు.

రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్‌లో, సమాధి అయినా దక్కని సుమారు 27,000 మంది పేర్లు చెక్కిన స్మారకం ఉంది. 1958లో ఆవిష్కరించారు. ఆ పేర్లన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూడవచ్చు. ఒక మధ్యాహ్నం కర్నూలులో, క్లాసులు లేని వేళ, వెతికాను. ఇంటిపేరు తప్పుగా ఉంది గాని తండ్రి పేరు, ఊరు, జిల్లా మావే. తల్లి పేరు లేదు. తేదీ ఉంది.

పాత పంచాంగం తిరగేస్తే ఆషాఢ బహుళ పంచమి అని తేలింది. నాయనకు ఫోను చేశాను. చాలాసేపు పలకలేదు.

"ఇన్నేండ్లూ చిన్నాయన అమాసకే వచ్చినాడు. ఇప్పుడు దినం మారిస్తే ఆయనకెట్ల తెలుస్తాదిరా?" అన్నారు.