మొదటి బేసు వద్ద ఎత్తుకు పైఎత్తు

1947లో సిడ్నీ టెస్టునందు, బంతి వేయకమునుపే క్రీజు దాటిన బిల్ బ్రౌన్‌ను మన వినూ మన్కడ్ రనౌట్ చేసెను. అది న్యాయమా, కాదా అను వాదము దశాబ్దములపాటు సాగెను. అమెరికా వారి బేస్‌బాల్‌లో అట్టి ఎత్తుగడ నిత్యకృత్యము. దానిని ‘పికాఫ్’ అందురు. అక్కడ ఆ వాదము లేకపోవుటకు కారణమేమో ఇక్కడ వివరింపదలచినాము.

బేస్‌బాల్ మైదానమున హోమ్ ప్లేటుతో కలిపి నాలుగు బేసులు చతురస్రాకారముగా, 90 అడుగుల ఎడముతో ఉండును. బంతి విసరు పిచ్చర్, హోమ్ ప్లేటుకు 60 అడుగుల 6 అంగుళముల దూరమున, ఒక రబ్బరు పలకపై పాదము మోపి నిలుచును. మొదటి బేసు చేరిన రన్నర్ రెండవ బేసును ‘దొంగిలింప’ దలచి కొన్ని అడుగులు ముందుకు జరిగి పొంచి ఉండును. పిచ్చర్ అది కనిపెట్టి, బ్యాటర్‌కు గాక మొదటి బేసు కాపరికి బంతి విసరును. రన్నర్ బేసును తిరిగి చేరకమునుపే కాపరి అతనిని బంతితో తాకినచో అతడు ఔట్.

ఎడమచేతి పిచ్చర్ మొదటి బేసుకు అభిముఖముగా నిలుచును. అతడు కుడికాలు ఎత్తినప్పుడు బంతి ఎటు పోవునో రన్నర్‌కు వెంటనే అంతుపట్టదు. ఆండీ పెటిట్ ఈ విద్యకు పేరుపొందెను. కుడిచేతివానికి మొదటి బేసు వీపువైపున ఉండుటచే, అతడు మెరుపువలె వెనుదిరుగవలెను.

అయితే ఈ మాయకు హద్దు కలదు. పాదము రబ్బరుపై ఉండగా మొదటి బేసుకు విసరునట్లు నటించి ఊరకుండరాదు; నేరుగా ఆ బేసువైపు అడుగు వేసి, విసరియే తీరవలెను. హోమ్ ప్లేటువైపు విసరుటకు ఉపక్రమించిన పిదప మధ్యలో ఆగరాదు. ఆగినచో అది ‘బాక్’ అను తప్పిదము. రన్నర్లు ఒక్కొక్క బేసు ముందుకు పోవుదురు. పాదమును రబ్బరు వెనుకకు తీసినచో మాత్రము నటింపవచ్చును.

2013 అక్టోబరు 27న సెయింట్ లూయిస్‌లో వరల్డ్ సిరీస్ నాలుగవ ఆట ఈ విధముననే ముగిసెను. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటైరి. బోస్టన్ జట్టు 4–2 ఆధిక్యమున ఉండెను. మొదటి బేసు వద్ద కోల్టెన్ వాంగ్. అతడొక పరుగు తెచ్చినను సెయింట్ లూయిస్ జట్టు వెనుకబడియే ఉండును. ఆట సమము చేయగల కార్లోస్ బెల్ట్రాన్ బ్యాటుతో సిద్ధముగా నుండగా, కోజీ ఉయెహారా చటుక్కున తిరిగి మొదటి బేసుకు విసరెను. వాంగ్ కాలుజారి ఔటయ్యెను. వరల్డ్ సిరీస్ ఆట పికాఫ్‌తో ముగియుట అదియే ప్రథమము.

ఔట్ చేయని విసురు వ్యర్థమనుకొనరాదు. అది రన్నర్‌ను బేసుకు కట్టివేయును. 2023లో అమెరికా మేజర్ లీగ్ ఒక కొత్త నిబంధన తెచ్చెను. ఒక్కొక్క బ్యాటర్ ఆడుచుండగా పిచ్చర్ రెండుసార్లు మాత్రమే బేసుకు విసరుటయో, రబ్బరు దిగుటయో చేయవచ్చును. మూడవ ప్రయత్నమున రన్నర్ ఔట్ కానిచో అది బాక్. బేసుల పరిమాణమును సైతము 15 అంగుళముల నుండి 18 అంగుళములకు పెంచిరి. 2022లో 2,486గా ఉన్న దొంగిలింపులు 2023లో 3,503కు పెరిగెను.

రన్నర్‌కు సాహసము, పిచ్చర్‌కు నటన – రెండును నియమము కొలిచి ఇచ్చినవే. ఆ కొలత ఉభయులకును ముందే తెలియును గనుక ఓడినవాడు మోసపోతినని వాపోడు, ఏమరితినని తలవంచును. ఆటకైనను, పరీక్షకైనను ఇంతకుమించిన న్యాయము వేరొకటి కలదా?