జ్వరం తగ్గిన తరువాత

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 1880లో జన్మించిన హెలెన్ కెల్లర్, పందొమ్మిది నెలల ప్రాయంలో తీవ్రమైన జ్వరానికి గురి అయింది. జ్వరం తగ్గగానే ఇంటిల్లిపాదీ సంతోషించారు. కాని ఆ శిశువు చూపునూ, వినికిడినీ శాశ్వతంగా కోల్పోయిందని వారు వెంటనే గ్రహించలేకపోయారు. ఆ వ్యాధి బాక్టీరియా వలన కలిగే మెనింజైటిస్ అయి ఉండవచ్చునని నేటి వైద్యులలో కొందరి అభిప్రాయం.

మెదడునూ, వెన్నుపామునూ కప్పి ఉండే పొరలు వాచడమే మెనింజైటిస్. దోమకాటు వలన వచ్చే మెదడువాపు వేరు, ఇది వేరు. న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా 'బి' అనే సూక్ష్మజీవులు నెలలు నిండిన పిల్లలలో దీనికి ముఖ్య కారణాలు. జ్వరం, వాంతులు, తలనొప్పి, మెడ బిగుసుకొనిపోవడం దీని లక్షణాలు. చంటిబిడ్డలలో మెడ బిగుసుకొనకపోవచ్చు. పాలు త్రాగకపోవడం, మగత, మాడు ఉబ్బడం, ఫిట్స్ కనిపిస్తాయి. గంటల వ్యవధిలో ముదిరే వ్యాధి ఇది. వెన్నునీరు తీసి పరీక్షించడం అవసరం. దానివలన కాళ్లు పడిపోతాయన్న భయం నిరాధారం. వెన్నుపాము ముగిసిన చోటికి దిగువనే సూది గ్రుచ్చుతారు.

ప్రాణం దక్కినంత మాత్రాన ముప్పు తొలగినట్లు కాదు. మెదడులోని నీరు పారే దారులు మూసుకొనిపోతే తల పెరుగుతుంది. రక్తనాళాలు దెబ్బతింటే కాలుసేతులు చచ్చుబడవచ్చు. మూర్ఛ, చదువులో వెనుకబాటు కొందరిని వెన్నాడుతాయి. వీటన్నిటిలో తరచుగా కనిపించేది చెవుడు. వాపు లోపలి చెవికి ప్రాకి, నత్తగుల్ల ఆకారంలోని కాక్లియాలో ధ్వనిని గ్రహించే కణాలను నశింపజేస్తుంది. కొందరిలో ఆ కాక్లియా ఎముకవలె గట్టిపడుతుంది; అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చడం కూడ దుష్కరం. అందుచేతనే కోలుకొన్న నెలలోపల వినికిడి పరీక్ష చేయించి తీరాలి.

బిడ్డకు మాటలు ప్రధానంగా చెవి ద్వారా అబ్బుతాయి. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని పెద్దలు ఊరడించే కాలంలోనే అమూల్యమైన నెలలు గడచిపోతాయి.

నివారణ మన చేతిలోనే ఉన్నది. 6, 10, 14 వారాలకు పెంటావలెంట్ టీకా. 6, 14 వారాలకు, 9 నెలలకు న్యుమోకాకల్ టీకా ప్రభుత్వం ఉచితంగా వేయిస్తున్నది. విద్యార్థినీ విద్యార్థులారా, మీలో అనేకుల ఇళ్లలో టీకా కార్డును చదివి చెప్పగలవారు మీరే. తమ్ముడి కార్డునూ, చెల్లెలి కార్డునూ నేడే తీసి చూడండి. చదువుకు అంతకంటె సార్థకత ఏమున్నది?